తప్పు కాలిది కాదు

మా నాయన నలభై ఏండ్లు ఊరందరి కాళ్లకూ చెప్పులు కుట్టినాడు. ఆ చెప్పులు ఏసుకొని ఊరి నడివీధిలో నడిచే హక్కు మాత్రం ఆయనకు లేకపోయింది. పెద్దోళ్ల వీధి మొదట్లో చెప్పులిడిచి చేత పట్టుకొనేవాడు. వీధి దాటినాక మళ్లా తొడుక్కొనేవాడు. కుట్టిన చెయ్యి మాది, తొడుక్కున్న కాలు వాళ్లది. బద్వేలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పెద్దవాళ్లను ఎవరిని కదిలించినా ఇట్లాంటి ముచ్చట ఒకటి బయటికి వస్తాది.

నేను చెప్పబోయేది ఆ కాళ్ల కథలోనే ఇంకొక ముక్క. ఒక పాత కారు, దాని బ్రేకు పెడలు, ఆ పెడలు మీద నా కాలు. దళితుల బతుకు కథల మధ్యలో కారు బ్రేకు రిపేరు గొడవేందని కొందరు నవ్వొచ్చు. నవ్వేవాళ్లు చదివినాక నవ్వాలని నా మనవి.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. నాయన ఏండ్ల తరబడి గొంతుక్కూచొని తోలు కొట్టీ కొట్టీ మోకాళ్లు పోగొట్టుకున్నాడు. బస్సు మెట్టెక్కలేడు. నెలకొకసారి సిద్ధవటం మీదుగా కడప ఆసుపత్రికి తీసుకుపోవాల. మేము సీపీఎస్ కింద చేరినోళ్లం, పాత టీచర్ల మాదిరి జీపీఎఫ్ అప్పు దొరకదు. 2023లో చీటీ పాడి, ఒక 2011 మోడలు మారుతి ఆల్టో పాతది కొన్నాను.

కారు మాదిగపల్లెలోకి వచ్చిన రోజు మా అమ్మ టెంకాయ కొట్టింది. పిల్లోళ్లు అద్దాల మీద చేతులేసి ముద్రలు పెట్టినారు. ఊర్లో మాత్రం వేరే మాటలు లేచినాయి. "కారు కొనేంత కాలమొచ్చిందా వీళ్లకు" అని ఒకరు, "తోలేది ఎవురు? డ్రైవర్ని పెట్టుకుంటాడా?" అని ఒకరు. నేనే తోల్తానంటే పెద్దోళ్ల వీధి అరుగు మీద ఒకాయన, "జాగ్రత్తప్పా, మీకు అలవాటు లేని పని" అన్నాడు. అలవాటు లేదంట! కపిల బానకు తోలు తొండం కుట్టి బావిలో నుంచి నీళ్లు పైకి తెచ్చినోళ్లం, ఎద్దులకు పట్టెడలు, పగ్గాలు చేసినోళ్లం, ఊరి బండ్లన్నీ నడిపిన సరంజామా మా చేతుల మీద పోయింది. బండి ఎక్కి కూచునేటప్పటికి అలవాటు లేదని గుర్తొచ్చింది.

ఇది కొత్త మాట కాదు. 1929లో మహారాష్ట్ర చాలీస్‌గావ్ స్టేషన్లో అంబేద్కర్ దిగినప్పుడు, మహర్ మనిషిని ఎక్కించుకొని తోలేదానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. టాంగా ఇచ్చినారు, తోలేవాణ్ణి ఇవ్వలేదు. మహర్‌వాడ వాళ్లలోనే ఒకరు పగ్గాలు పట్టుకున్నారు. కల్వర్టు మీద చక్రం రాళ్ల సందులో ఇరుక్కొని అంబేద్కర్ కిందపడినాడు, కాలు విరిగింది. బారిస్టరుకు ఆ గతి పట్టించింది చక్రమా, కులమా? చక్రమైతే ఒక సందులో ఇరుక్కున్నది. దాన్ని ఆ సందు దాకా తెచ్చింది మాత్రం కులమే. తోలడం నేర్పకుండా, నేర్చుకోనీకుండా చేసి, పడినాక "వీళ్లకు తోలడం రాదు" అనడం మన దేశంలో పాత అలవాటు.

కారు కొన్న మూడు నెలలకు పెడలు కొట్టుకోవడం మొదలైంది. లంకమల అడవి పక్కన దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే మెల్లగా బ్రేకు నొక్కినాను. పాదం కింద పెడలు నాడి మాదిరి పైకీ కిందికీ ఆడింది. వేగం ఎక్కువున్నప్పుడు గబగబా కొట్టి, బండి నిమ్మళించేకొద్దీ దెబ్బలు ఎడమెడంగా పడి, బండి నిలిచినాక ఆగిపోయింది. దాంతో పాటు స్టీరింగు కూడా కొంచెం అదిరింది. పక్కనున్న నాయన, "ఏందిరా అబ్బీ, గుంతలా?" అన్నాడు. రోడ్డు నున్నగా ఉంది.

రెండు రోజులాగి ఒక షెడ్డుకు పోయినాను. షెడ్డు యజమాని బండి చూడకముందు నన్ను చూసినాడు. "యా ఊరప్పా?" అన్నాడు, చెప్పినాను. "ఊర్లోనా, పల్లెలోనా?" అన్నాడు, అదీ చెప్పినాను. ఈ రెండో ప్రశ్న ఎందుకడుగుతారో చదివేవాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. అప్పటిదాకా "సార్" అన్న నోరు అక్కడ్నుంచి "నువ్వు" అనింది. చక్రం విప్పకుండానే తీర్పు చెప్పినాడు: "బండిలో ఏం లేదు. నువ్వు బ్రేకు మీద కాలు పెట్టుకొని తోల్తాండావు. కాలు వణుకుతాంది నీకు. కొత్తగదా, భయం." బ్రేకు ప్యాడ్లు మార్చి డబ్బు తీసుకున్నాడు. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు మళ్లా అదే దెబ్బ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది. లేచి కాగితం తీసి లెక్క వేసినాను. ఆల్టో టైరు మీద 145/80 ఆర్ 12 అని ఉంటాది. దాని చుట్టుకొలత దాదాపు 1.7 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతాది. అంటే చక్రం సెకనుకు దాదాపు పది చుట్లు తిరుగుతాది. 30 వేగంలో అయిదు చుట్లు. 12 వేగంలో రెండు చుట్లు. మరుసటి రోజు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతా బ్రేకు పట్టి దెబ్బలు లెక్కబెట్టినాను. 12 వేగంలో సెకనుకు రెండే. చుట్టుకొక దెబ్బ!

భయంతో వణికే కాలికి చక్రం లెక్క ఎట్ల తెలుస్తాది? వణుకు మనిషిదైతే ఒక తీరుగా ఉండాల. చక్రంతో పాటు పెరిగి, చక్రంతో పాటు తగ్గే వణుకు చక్రంలోనే ఉండాల. తప్పు కాలిది కాదు. కాలు చేసిందల్లా ఉన్న సంగతి చెప్పడమే.

విద్యార్థి మిత్రుల కోసం ఇక్కడ కొంచెం సైన్సు చెప్తాను. మనం పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులో నూనె నెట్టబడుతాది. నూనె నలిగి చిన్నదయ్యే వస్తువు కాదు, ఒక చోట ఒత్తిడి పెడితే అన్ని చోట్లకూ అదే ఒత్తిడి పోతాది. పాస్కల్ సూత్రమని మనం బడిలో చదువుకున్నదే. చక్రం దగ్గర పిస్టను పెద్దది, పెడలు పొడవైన మీట. అందుకే మన కాలి బలం ఎన్నో రెట్లు పెరిగి, తిరిగే ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు రెండు వైపులా పట్టుకుంటాయి. ఆ డిస్కు చుట్టూ ఒకే మందం ఉంటే పట్టు నున్నగా ఉంటాది. ఒక చోట దళసరి, ఒక చోట పలచన అయితే దళసరి భాగం వచ్చినప్పుడల్లా పిస్టను వెనక్కు తోయబడుతాది. నూనె వెనక్కు కొడ్తాది. ముందుకు పోయేటప్పుడు బలాన్ని పెంచిన ఏర్పాటే, వెనక్కొచ్చేటప్పుడు కదలికను పెంచుతాది. తలవెంట్రుక మందం కంటే తక్కువ తేడా కూడా పెడలు దగ్గరికొచ్చేసరికి కాలికి తెలిసేంత అవుతాది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాల. ఏబీఎస్ ఉన్న బండ్లలో, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు పెడలు గడగడలాడటం మామూలే. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసినారు. నా పాత ఆల్టోలో అది లేదు. ఉన్నా, నున్నటి పొడి రోడ్డు మీద మెల్లగా నొక్కితే కొట్టుకోకూడదు.

ముందు చక్రాలదా, వెనక చక్రాలదా తెలుసుకునేదానికి ఒక ఉపాయం ఉంది. ఆల్టోకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. చేతిబ్రేకు వెనక చక్రాలను మాత్రమే పడుతాది. ముందూ వెనకా ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద, తక్కువ వేగంలో, మీట మీది బొత్తాన్ని వదలకుండా నొక్కి పట్టుకొని చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగినాను. బండి నిమ్మళంగా ఆగింది, అదురు లేదు. అంటే వెనక డ్రమ్ములు గుండ్రంగానే ఉన్నాయి. కాలిబ్రేకుకు స్టీరింగు కూడా అదురుతాంది కాబట్టి రోగం ముందు చక్రాలదే.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసుకొని బద్వేల్లోనే ఇంకొక మెకానిక్కు దగ్గరికి పోయినాను. చిన్న రేకుల షెడ్డు. ఆయన దూదేకులాయన, అయిదో తరగతితో చదువు ఆపినాడు. నా కాగితం అంతా ఓపికగా విన్నాడు. "పెడలు అబద్ధం చెప్పదు సార్. విప్పుదాం పట్టు" అన్నాడు. నా ఊరు అడగలేదు. టీ తెప్పించి తను తాగే గాజు గ్లాసుల్లోనే నాకూ పోసినాడు. ఈ సంగతి రాయడమెందుకంటే, బ్రేకు సంగతి కంటే ముందు నా మనసు దాన్నే గమనించింది కాబట్టి.

బద్వేలు పక్కనే బ్రహ్మంగారి మఠం. వీరబ్రహ్మం శిష్యుల్లో సిద్దయ్య దూదేకులాయన, కక్కయ్య మాదిగాయన. దేహంలో చక్రాలున్నాయని గురువు చెప్తుంటే విన్న కక్కయ్య, నిజమో కాదో చూద్దామని ఇంటికి పోయి పెండ్లాన్ని కోసినాడని, గురువు ఆమెను మళ్లా బతికించినాడని కథ చెప్తారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు రెండు మంటలు. మాదిగోడు సొంత కండ్లతో చూసి తెలుసుకోవాలనుకుంటే అది ఘోరంగానే ముగుస్తాదన్నట్టు చెప్పడం ఒకటి. కత్తికింద పడిన ఆ ఆడమనిషి ఏమనుకుందో ఎవరూ అడక్కపోవడం రెండోది. ఆ రోజు షెడ్డులో ఒక దూదేకులాయన, ఒక మాదిగాయన కలిసి చక్రం విప్పి చూసినాము. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు.

కొలిచేదానికి నా స్క్రూగేజి తీసుకుపోయినాను. దానికీ ఒక కథ ఉంది. ఇంటర్లో మా ల్యాబులో స్క్రూగేజీలు నాలుగే. ముందు బెంచీల వాళ్లు కొలిచి మా దాకా వచ్చేలోపల బెల్లు కొట్టేది. "పక్కోని రికార్డు చూసి రాసుకోండిరా" అనేవాడు లెక్చరరు. రెండేండ్లు చెయ్యి తగలకుండానే దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగమొచ్చినాక మొదటి జీతంలో అమ్మకు చీర, నాయనకు కండ్లద్దాలు, నాకు ఒక స్క్రూగేజి కొన్నాను.

మెకానికన్న ప్యాడ్లను పట్టుకునే కాలిపరు పక్కకు తీసి, డిస్కు మీద సుద్దముక్కతో ఎనిమిది గుర్తులు పెట్టినాడు. అంచు నుంచి ఒకే దూరంలో ఎనిమిది చోట్లా నేను కొలిచి చెప్తాంటే ఆయన గోడ మీద బొగ్గుతో రాసినాడు. కుడి పక్క డిస్కులో తేడా 0.01 మిల్లీమీటరు. ఎడమ పక్క డిస్కులో దళసరి చోటికీ పలచన చోటికీ తేడా 0.04. గోడ మీద అంకెల్లో వంకర కనపడింది.

"పలచన ఎందుకైందో చూడకుండా డిస్కు మారిస్తే మళ్లా ఇదే వస్తాది సార్" అన్నాడాయన. లేతు షాపు నుంచి డయల్ గేజి అడిగి తెచ్చినాడు. ముల్లు డిస్కుకు ఆనించి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే, పక్కకు ఊగడం 0.12 దాకా ఉంది. చాలా బండ్లకు ఆ హద్దు 0.1 లోపలే. ముందు బేరింగు పట్టి ఊపి చూసినాడు, గట్టిగానే ఉంది. కాలిపరు జారే పిన్నులు చూసినాడు, ఒకటి కొంచెం బిగుసుకుంది. తర్వాత డిస్కు ఊడదీస్తే, అది హబ్బు మీద కూర్చునే ముఖంలో ఒక పక్క తుప్పు పొలుసులు కట్టుంది. నాలుగు నట్లలో ఒకటి మిగతావాటికంటే చాలా బిగువుగా ఉంది. నేను కొనకముందే ఎవరో పంచరు వేసినప్పుడు పైపు తగిలించి ఒక్కదాన్నే తిరగ్గొట్టినారని ఆయన అనుమానం.

కారణం అప్పుడు అర్థమైంది. తుప్పు వల్లా, ఒంటిపక్క బిగువు వల్లా డిస్కు వంకరగా కూర్చుంది. బ్రేకు తొక్కకపోయినా చుట్టుకొకసారి ఒకే చోట ప్యాడుకు రాసుకుంది. వేల కిలోమీటర్లు అట్ల రాసుకొని రాసుకొని ఆ చోటు పలచనైంది. డిస్కు వేడికి వంగిపోయిందని షెడ్లలో ఊరికే అంటారు గానీ, ఎక్కువసార్లు జరిగేది ఈ అరుగుదలో, ప్యాడు మందు డిస్కుకు ఒక చోట అంటుకోవడమో. కొత్త ప్యాడ్లు నాలుగు రోజులే పనిచేయడానికి కారణం కూడా అదే. రోగం ప్యాడ్లది కాదు.

నాయన షెడ్డు బయట కుర్చీలో కూచొని అంతా చూస్తాండాడు. డిస్కు ఆయన చేతిలో పెడితే బొటనవేలితో అంచు పొడుగునా రాసి చూసినాడు. "నా వేలికి అందేంత తేడా కాదురా ఇది. కానీ తోలైనా ఇంతే గదా. అడుగుతోలు ఒక పక్క దళసరి, ఒక పక్క పలచన ఉంటే చెప్పు కాల్ని తంతాది. తొడుక్కున్నోడు కాలు బాగలేదనుకుంటాడు. కుట్టినోడికి తెలుస్తాది యాడుందో" అన్నాడు. మెకానికన్న పని ఆపి, "అదే పెద్దాయనా, అదే" అన్నాడు. మా నాయన మాట విని ఇంకొక పనిమంతుడు తలూపడం నేను అంతకుముందు చూడలేదు. కులం పనిని పంచడం కాదు, పనివాళ్లనే విడగొట్టడం అని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో 1936లోనే చెప్పినాడు. తోలు తెలిసినోణ్ణి, ఇనుము తెలిసినోణ్ణి, పుస్తకం తెలిసినోణ్ణి ఒక చోట కూచోనీకుండా చేసి ఈ దేశం ఎంత తెలివిని పోగొట్టుకుందో ఆ రేకుల కింద నాకు లెక్క తెలిసింది.

లేతు షాపాయన డిస్కు చెక్కిస్తానన్నాడు. తక్కువలో అయిపోతాది. మెకానికన్న వద్దన్నాడు. "చెక్కొచ్చు సార్, కానీ దీనికి కంపెనీ పెట్టిన కనీస మందం ఒకటుంటాది. ఎడమది ఇప్పటికే ఆ దగ్గరికొచ్చింది. ఇంక చెక్కితే కిందికి పోతాది. పలచని డిస్కు వేడిని తట్టుకోదు, నెల్లూరు రోడ్డులో వెలిగొండల దిగుడులో బ్రేకు పట్టకపోతే ఎవురు జవాబు?" చెక్కి చెక్కి సరిచేయడానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు దాటినాక మార్చాల్సిందే. ఒకటే మారిస్తే రెండు పక్కలా పట్టు తేడా వస్తాది కాబట్టి రెండూ కొత్తవి వేసినాము.

ముందు హబ్బు ముఖాన్ని ఇనుప బ్రష్షుతో తోమి, తుప్పంతా పోయి లోహం మెరిసేదాకా శుభ్రం చేసినాడు. పిన్నులకు బ్రేకులకు వాడే గ్రీజు పెట్టినాడు. కొత్త ప్యాడ్లు వేసినాడు. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్కు రెంచితో అన్నిటికీ ఒకే బిగువు పెట్టినాడు. మళ్లా డయల్ గేజి పెడితే ఊగడం 0.03. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి పదిసార్లు మెల్లగా నిమ్మళింపజేసి, మధ్యమధ్యలో చల్లారనిచ్చి ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేసినాము. వేడి మీద బ్రేకు తొక్కి పట్టుకొని నిలబడకూడదని చెప్పినాడు. అప్పట్నుంచి పెడలు కిమ్మనలేదు. పంచరు వేయించినప్పుడల్లా నట్లు నేనే దగ్గరుండి బిగిస్తాను.

బద్వేలు నుంచి కొంచెం దూరం పోతే పోరుమామిళ్ల చెరువు. కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, చెరువుకు ఆరు దోషాలుంటాయని అందులో చెక్కినారు. కట్టలో నుంచి నీళ్లు కారడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. లక్షణం చూసి రోగం చెప్పే శాస్త్రం మన సీమలో ఆనాటికే ఉంది. రెండేండ్లు రోజుకు వెయ్యిమంది పనిచేసినారని, వంద బండ్లు తోలినారని కూడా ఆ రాతిమీదే ఉంది. రాజు పేరు ఉంది. వెయ్యిమందిలో మట్టి మోసినోళ్ల పేరు ఒక్కటీ లేదు. కట్ట ఎక్కడ కారుతాదో వాళ్ల కాళ్లకు తెలియదంటారా?

మా స్టాఫ్ రూములో కూడా ఒక తీర్పు ఉంది. "మీ వాడ పిల్లలకు లెక్కలు ఎక్కవు సార్." చక్రం విప్పకుండా చెప్పే తీర్పు ఇది. ఒక ఏడాది నేను హాజరు పట్టీలు మూడు సంవత్సరాలవి ముందేసుకొని కూచున్నాను. అరుంధతీవాడ పిల్లలు గైర్హాజరైన రోజులు ఎర్ర సిరాతో గుర్తు పెట్టినాను. ప్రతి ఏడూ ఒకే కాలంలో గుర్తులు గుంపుకట్టినాయి. అది పత్తి తీతల కాలం. బీజగణితం మొదలుపెట్టేది ఆ నెలల్లోనే. ఏడాదికొక చుట్టు, చుట్టుకొక దెబ్బ. పిల్లల తలకాయల్లో ఏ లోపమూ లేదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇండ్లవి. ఇప్పుడు ఆ నెలల్లో సాయంత్రం ఆరు నుంచి వాడలోనే, చర్చి వరండాలో లెక్కలు చెప్తాన్నాను. దీంతో కులం పోదు. హబ్బు మీద తుప్పు అట్లే ఉంది, దాన్ని తోమాల్సిన పని మనందరిదీ. కానీ ఎడమ చక్రంలో ఉన్న రోగాన్ని పిల్లోళ్ల కాళ్ల మీద రుద్దనివ్వను.

పాత డిస్కు పారేయలేదు. మా బడి ల్యాబులో బల్ల మీద పెట్టినాను. అంచున ఎనిమిది గుర్తులు, పక్కన స్క్రూగేజి. ఎవరూ పక్కోని రికార్డు చూసి రాయకూడదనేది నియమం, అందరూ చేత్తో కొలవాల్సిందే. మొదటి రీడింగు ఎప్పుడూ వెనక బెంచీ నుంచే మొదలవుతాది.